‘సుద్దముక్క చాలు’ అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

టీచర్స్ డే దగ్గర పడితే చాలు, విశాఖ లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ మళ్ళీ తిరుగుతుంది: "సర్వేపల్లి వారు ఏ పీపీటీ వేసి పాఠం చెప్పారు? మంచి మాస్టారికి సుద్దముక్క చాలు. టెక్నాలజీ వాడినందుకు అవార్డులివ్వడం కంపెనీలకు ప్రచారం. యూజీసీ పాయింట్లు ఎలాగూ ఉన్నాయి. అయినా మన పిల్లలకి నెట్టే సరిగా రాదు." కింద వరసగా దండాలు, చప్పట్లు.

ముందు సర్వేపల్లి వారి సంగతి. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయనే వైస్ ఛాన్సలర్. ఆయన చెప్పింది తత్త్వశాస్త్రం, దానికి మాట సరిపోతుంది. కానీ వాల్తేరులో జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరిట సైన్సు, టెక్నాలజీ కాలేజీ మొదలైంది కూడా ఆయన హయాంలోనే. ల్యాబుల్లేకుండా ఆ కాలేజీ నడిచేదా? పరికరాలను వెక్కిరించడానికి ఆయన పేరు వాడుకోవడం ఏం న్యాయం!

ఇక సుద్దముక్క. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల గురించి పాఠం చెప్పాలనుకోండి. వానకి మట్టి ఎలా కోసుకుపోతుందో బోర్డు మీద బొమ్మ గీయొచ్చు, బాగానే అర్థమవుతుంది. కానీ గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు తెరిచి, ఏడాది తర్వాత ఏడాది జరుపుతూ, "ఈ గండి ఎటు పెరిగింది? ఈ రోడ్డు ఎప్పుడొచ్చింది? చెట్లెక్కడ పోయాయి?" అని పిల్లల చేతే చెప్పించి, ఆదివారం భీమిలి బస్సెక్కించి, తెర మీద చూసిన గండి అంచున వాళ్ళని నిలబెట్టి సరిచూసుకోమంటే? కళ్ళముందు కాలాన్ని అలా జరిపి చూపించడం సుద్దముక్క వల్ల కాదు. నేను అవార్డివ్వమనేది ఇలాంటి మాస్టారికి. పుస్తకంలో పేరాలు స్లైడ్ల మీద అతికించి చదివేవారికి ఇవ్వొద్దంటే నేనూ చప్పట్లు కొడతాను.

చెప్పేవారు చెబుతుంటే పిల్లలు రాసుకోవడమే మేలైన పద్ధతి అనే నమ్మకమూ నిలబడదు. సైన్సు, ఇంజినీరింగ్, లెక్కల తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను 2014లో అమెరికా పరిశోధకుడు స్కాట్ ఫ్రీమన్ బృందం కలిపి చూసింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం ఫెయిలయ్యారు. పిల్లల చేత పని చేయించిన తరగతుల్లో 21.8 శాతం. పని చేయించడానికి కంప్యూటరే ఉండాలని లేదు, కానీ వందమంది కూర్చున్న హాల్లో అందరి జవాబూ ఒక్క నిమిషంలో తెలుసుకోవాలంటే ఫోన్లో పెట్టే చిన్న క్విజ్‌కి మించింది నాకు కనబడలేదు.

కంపెనీల ప్రచారమా? కూరగాయలు తెచ్చిన లారీ వల్ల ఒంటికి బలం రాదన్నట్టు, పరికరం వల్ల చదువు రాదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. అలాంటప్పుడు మెచ్చుకోవాల్సింది దాన్ని తెలివిగా వాడిన మనిషినే కదా. అవార్డు పత్రంలో యాప్ పేరు లేకపోయినా నష్టం లేదు.

లెక్చరర్ల పనికి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) లెక్కగట్టే పాయింట్ల మాట ఎత్తేవారు 2018 నిబంధనల పట్టిక ఓసారి తిరగేయాలి. నాలుగు క్రెడిట్ల పూర్తి మూక్ (ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సు) తయారుచేస్తే 20 పాయింట్లు, సైన్సు పేపరుకి 8, వినూత్న బోధనా పద్ధతికి 5. రికార్డు చేసిన వీడియోకున్న విలువ, రోజూ తరగతిలో పడే పాట్లకి లేదు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాల్లో ఉన్నత విద్యకి చోటు దొరికిందే 2023లో. ఆ ఏడాది అవార్డు పొందిన 75 మందిలో కాలేజీ, యూనివర్సిటీ వాళ్ళు 13 మంది.

నెట్ మాట నిజమే. అరకు, పాడేరు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలందరికీ మంచి ఫోన్లు లేవు. అందుకే కదా లెక్చరర్ తెలివి చూడాలంటున్నది! ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే సైన్సు ప్రయోగాలు, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి, తెలుగులోనూ ఉన్నాయి. డిపార్ట్‌మెంట్‌లో మూల పడున్న ఒక కంప్యూటర్, ఒక ప్రొజెక్టర్ చాలు. అవార్డు కమిటీ వాళ్ళు దరఖాస్తులు చదివి ఊరుకోకుండా, అలాంటి క్లాసులో చెప్పాపెట్టకుండా వెనక బెంచీలో ఓ గంట కూర్చుంటే సరి.