ఎగ్జాస్ట్ ఎల్బో విప్పకుండానే తుప్పు తేల్చేస్తారా?

బోటు ఇంజన్ల మీద ఒక వాట్సాప్ మెసేజ్ తడ, సూళ్లూరుపేట గ్రూపులన్నీ తిరిగి, తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న మా వెల్డింగ్ షెడ్డు దాకా వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ఎగ్జాస్ట్ ఎల్బో (ఇంజన్ పొగ బయటికి పోయే వంపు గొట్టం) ఎస్ఎస్‌ది, అంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌దైతే తుప్పు పట్టదు, అయస్కాంతం అంటకపోతే అది అసలు సరుకే. ఇప్పటి డీజిల్‌లో గంధకం లేదు గనక యాసిడ్ భయం లేదు. మిగతా లోహానికి బదులు తను అరిగిపోయేలా పెట్టే జింకు ముక్కను మారుస్తుంటే చాలు. లీకైతే ఎలాగూ బయటికి కనిపిస్తుంది. విప్పి చూడాలనే మెకానిక్ కన్ను మీ జేబు మీదే. ఈ చివరి మాట మీద నేను తీర్పు చెప్పకూడదు, నాకు కూలి వచ్చేదే ఆ పనిలో. మిగతావి చూద్దాం.

ఎస్ఎస్‌ను కాపాడేది దాని మీద ఏర్పడే పలచటి క్రోమియం ఆక్సైడ్ పొర. ఉప్పునీటిలోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా తూట్లు పొడుస్తుంది. ఎల్బోలోనేమో ఇంజన్‌ను చల్లబరిచి వచ్చిన సముద్రపు నీళ్లు, వందల డిగ్రీల వేడి పొగ ఒక్కచోట కలుస్తాయి. వెల్డింగ్ అతుకుల పక్కన, గ్యాస్కెట్ కింద, నీళ్లు నిలిచే మూలల్లో ముందు దెబ్బతింటుంది. పైకి గుండుసూది మొనంత చుక్క, లోపల గుల్ల. ఇక అయస్కాంతమా? ఎస్ఎస్‌లో 304 రకానికీ అంటదు, 316 రకానికీ అంటదు. ఉప్పును కాస్త ఎక్కువ తట్టుకునేది 316, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి. అయస్కాంతం పెట్టి ఆ తేడా ఎవరూ చెప్పలేరు.

గంధకం సంగతి సగం నిజం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (దేశంలో ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో అది 10 పీపీఎంకు, అంటే పది లక్షల్లో 10 వంతులకు మించకూడదు, బీఎస్-4లో 50 ఉండేది. యాసిడ్ తగ్గింది, ఒప్పుకుంటా. కానీ లీటరు సముద్రపు నీటిలో ఉండే సుమారు 35 గ్రాముల ఉప్పును ఏ రిఫైనరీ తీసేయదు కదా. పులికాట్‌లో తిప్పే బోటే కదా అనుకుంటారేమో. వానలకు కాళంగి, అరణి నీళ్లు చేరినప్పుడు ఉప్పు తగ్గేమాట నిజమే. ఎండాకాలం నీళ్లు ఆవిరయ్యాక సముద్రాన్ని మించిపోవడమూ ఉంది.

జింకు తనున్న నీటిలోని లోహాన్నే కాపాడుతుంది. ఇంజన్ నీటిని సముద్రపు నీటితో చల్లార్చే హీట్ ఎక్స్ఛేంజర్‌లో పెట్టిన జింకుకు ఎల్బోతో పని లేదు.

నాకు టెన్షన్ పెట్టేది "లీకైతే కనిపిస్తుంది" అన్న మాట. చాలా ఎల్బోలకు రెండు గోడలు. లోపలి గొట్టంలో పొగ, దాని చుట్టూ నీళ్లు. లోపలి గోడ చిల్లు పడితే బయట చుక్క కూడా రాలదు. ఇంజన్ ఆపాక ఆ నీళ్లు సిలిండర్ల పొగను పోగుచేసే మానిఫోల్డ్‌లోకి జారి, తెరిచి ఉన్న వాల్వ్ గుండా సిలిండర్‌లోకి దిగుతాయి. నీళ్లు నొక్కుకుపోవు. మర్నాడు స్టార్టర్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నిన్నటిదాకా బాగానే నడిచింది సార్ అంటారు. నడిచే ఉంటుంది. అనుమానం ఉంటే స్టార్టర్ జోలికి పోకుండా ఇంజెక్టర్లు తీసి, ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడండి.

కాస్ట్ ఐరన్ ఎల్బో అయితే తుప్పు పెచ్చులు, మసి కలిసి దారి మూసేస్తాయి. నల్లపొగ వస్తుంది, వేడి ఎక్కుతుంది, బయటికొచ్చే నీటి ధార సన్నబడుతుంది. మనవాళ్లు నీళ్ల పంపులో తిరిగే ఇంపెల్లర్ మార్చి ఊరుకుంటారు.

చూడటం పెద్ద విద్యేం కాదు. జాయింట్ దగ్గర తెల్లటి ఉప్పు, గోధుమ రంగు చారలు ఉన్నాయంటే ఆగకుండా విప్పండి. మసి గీకి, టార్చి వేసి, పొగ వైపూ నీళ్ల రంధ్రాలూ చూడాలి. చిన్న సుత్తితో తడితే గట్టి లోహం ఖంగుమంటుంది, పలచబడ్డది మొద్దుగా పలుకుతుంది. నీళ్ల దారులు మూసి, కొద్దిగా గాలి పట్టించి తొట్టిలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలొస్తాయి. పలచబడ్డదానికి అతుకేయమని నా దగ్గరికి తెస్తే కొత్తది కొనుక్కోమనే చెప్తాను, అతుకు పక్కనే మళ్లీ తూటు పడుతుంది గనక.

విప్పేటప్పుడు బోల్టులు విరుగుతాయని భయపడేవాళ్లున్నారు. ఆ భయం న్యాయమైనదే. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పోసి ఉంచండి, కొత్త గ్యాస్కెట్ చేతిలో ఉన్నాకే స్పానర్ పట్టండి.