సవరణ: పసుపు జెండా ల్యాప్‌లూ లెక్కలోకి వస్తాయి

అమెరికాలో జరిగే నాస్కార్ కప్ కార్ల పందేల్లో, ప్రమాదం జరిగి పసుపు జెండా చూపినప్పుడు తిరిగే ల్యాప్‌లను (ట్రాక్ చుట్లను) లెక్కించరని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఆ పందేల్లో ఒకటైన డేటోనా 500 అంటే 200 ల్యాప్‌లు; గోడకు గుద్దుకున్న కారు ముక్కలను ఏరేదాకా అందరి ముందు నడిచి వేగాన్ని అదుపులో ఉంచే పేస్ కారు వెనక బారులు తీరి నెమ్మదిగా తిరిగినవీ అందులో భాగమే. 2022 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ కొలీజియంలో జరిగిన ‘క్లాష్’ అనే పోటీ నిబంధనను అన్ని పందేలకూ అంటగట్టాను. పాయింట్లు లేని ఆ 150 ల్యాప్‌ల పోటీలో పూర్తి వేగంతో పరుగెత్తే పచ్చ జెండా ల్యాప్‌లనే లెక్కించారు, పావు మైలు ట్రాక్ మరి! నిర్వాహకులు ప్రకటించిన నిబంధనల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. ముగింపు దగ్గర పసుపు జెండా పడితే 2004 నుంచి కప్ పందేలను అదనపు ల్యాప్‌లతో పొడిగిస్తున్నారు. పసుపు జెండా ల్యాప్‌లను అసలు లెక్కించకూడదన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.