దొశొ కిలో కఖారు

మాది పర్లాకిమిడి శివార్లలో, మహేంద్రతనయ ఒడ్డున, ఎకరంన్నర కూరగాయల తోట. ఊళ్ళో ఇరవై రెండు ఇళ్ళవాళ్ళు ఉగాదికి ముందే డబ్బు కట్టేస్తారు. వానలు ముదిరేదాకా వారానికోసారి ఇంటికో బుట్ట పంపాలి. తోట ఏది కాస్తే బుట్టలో అదే. పురుగు పడితే నష్టం అందరిదీ, విరగకాస్తే తలనొప్పి మాత్రం నాది.

పోయిన జూన్‌లో విరగకాసింది. అదీ సరిగ్గా ఒడియావాళ్ళ రజ పండుగకు.

ఆ మూడు రోజులూ భూదేవికి విశ్రాంతి. నాగలి కట్టరు, పార పట్టరు. ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, ఇంటింటా పొడొ పిఠా అనే బియ్యప్పిండి రొట్టె కాలుతుంది. నాలుగో రోజు భూమికి స్నానం. మా తోటలో పనిచేసే ముగ్గురూ ఒడియా ఆడవాళ్ళే. "కాయ కోయడం తవ్వడం కాదు కదా" అని నేను నసిగాను. అందులో పెద్దామె నన్ను చూసిన చూపుకి నోరు మూసుకుని, ఆవిడ పెట్టిన పిఠా తిని ఇంటికొచ్చేశాను.

పండుగ సంగతి బెండచెట్టుకు ఎవరు చెబుతారు? కొన విరిస్తే టప్పుమని విరగాల్సిన బెండకాయ, ఐదో రోజుకు నా వేలినే వెనక్కి వంచింది. ఆకుల చాటున నక్కిన బీరకాయలు ఒళ్ళు తోముకోవడానికి తప్ప పనికిరావు. ఆనపకాయలు చంటిపిల్లల్లా ఊగుతున్నాయి. ఇక కాకరపందిరి కిందికి వెళ్ళాలంటేనే భయం. పన్నెండు కిలోలు కోశాం. ఇరవై రెండు ఇళ్ళలో కాకర తినే ఇళ్ళు ఆరు.

సెలవులకని రాజమండ్రి నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చి ఉన్నాడు. మొదటి రోజే కాకరకాయను తీగతో సహా పీకాడు. అప్పటినుంచి వాడిని పందిరి దగ్గరకు రానీయకుండా ఫోనూ, బుట్టల పుస్తకం అప్పగించాను. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినా ఇళ్ళల్లో తెలుగు ఇక్కడే ఉండిపోయింది కాబట్టి, మా పుస్తకంలో ఒక్కో కాయకు రెండేసి పేర్లుంటాయి. వాడికి తెలిసినది అందులో సగం.

ఆ ఉదయం, మేం మాఉసీ, అంటే పిన్ని, అని పిలిచే మా పాత సభ్యురాలు ఫోన్ చేసింది. వాడు పుస్తకంలో రాసుకుని వచ్చాడు: దోస, ఒక కిలో. కాకర.

"కాకర ఎంతో చెప్పలేదు అత్తయ్యా. యాభై మందికి విందు అట."

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. విందుకు కాకరకాయ ఎవరడుగుతారని ఒక్క క్షణం ఆలోచించవలసింది. కానీ కళ్ళెదుట పన్నెండు కిలోల కాకర ఉన్న మనిషికి ఆలోచన రాదు, ఆనందం వస్తుంది. "యాభై మందికా! పాపం, ఉన్నదంతా పంపించు" అన్నాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వాడు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యా! మాఉసీ వాళ్ళింట్లో కలరా! ఇంటినిండా కలరా అంటున్నారు. మనమే పంపామట!"

మా మామగారు వాలుకుర్చీలోంచి లేచి, నీళ్ళు కాచమని ఇల్లంతా కేకలు మొదలుపెట్టారు. నా కాళ్ళు చల్లబడ్డాయి. పొద్దున కూరగాయలు కడిగిన తొట్టి కళ్ళముందు తిరిగింది. ఆ తొట్టిలో మా గేదె కూడా నీళ్ళు తాగుతుంది. మందుల కొట్లో ఉన్న ఓఆర్‌ఎస్ పొట్లాలన్నీ కొని, మా ఆయన స్కూటర్ వెనక కూర్చుని, దారిపొడవునా తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

వాళ్ళ వీధిలోకి తిరగగానే నేతిలో జీలకర్ర, ఎండుమిరప వేగుతున్న వాసన. కలరా ఇంట్లో పోపేమిటి?

అరుగు మీద మా బుట్ట ఉంది. ఎండకు సగం కాకరలు పండి, నారింజరంగుకు తిరిగి, మూతులు మూడుగా చీలి ఎర్రటి గింజలు బయటపెట్టి పకపకా నవ్వుతున్నాయి. మాఉసీ ఒకటి తీసి నా ముక్కు ముందు ఊపింది.

"ఘొరొ సారా కొలొరా!"

పాతికేళ్ళుగా ఒడియా మాట్లాడుతున్నాను. కాకరకాయను ఒడియాలో కొలొరా అంటారని నాకు తెలియక కాదు. భయపడినప్పుడు బుర్ర పుట్టింటి భాషకు పారిపోతుందని అప్పుడే తెలిసింది.

ఆవిడ అడిగింది దొశొ కిలో కఖారు. పది కిలోల గుమ్మడికాయ. దొశొ మావాడి చెవిలో దోస అయింది, కఖారు కాకర అయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊరి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. మావాడు ఇక్కడే నెల రోజులుండి గుమ్మడికాయను పట్టుకోలేకపోయాడు.

లోపల పప్పు ఉడికి సిద్ధంగా ఉంది. అరటి, బొప్పాయి, వంకాయ తరిగి ఉన్నాయి. పప్పులో కూరగాయలు వేసి వండే డాల్మాకు తక్కువైనది గుమ్మడి ఒక్కటే. వంటాయన నన్ను, కాకరను మార్చి మార్చి చూసి గరిటె పక్కన పెట్టేశాడు. మా ఇంట్లో మంచం కింద ఏప్రిల్ నుంచి ఎవరూ అడగని గుమ్మడికాయలు నాలుగు పడి ఉన్నాయి. మా ఆయన స్కూటర్ తిప్పారు.

ఆయన వచ్చేలోగా యాభై మంది ఆకలితో, ఉక్కతో విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. మాఉసీ నా చేతిలో సంచీ చూసింది.

"అవేమిటి?"

మీకు కలరా వచ్చిందనుకున్నాను అని చెప్పే ధైర్యం లేదు. "ఎండగా ఉంది కదా, అందరికీ కలిపిద్దామని" అన్నాను.

పెద్ద గుండిగలో కలిపాం. కమలాపండు రుచివి. ఒక ముసలాయన మూడు గ్లాసులు తాగి, ఇంకా ఉందా అని అడిగాడు. డాల్మా గంట ఆలస్యమైనా ఎవరూ మాట అనలేదు. కాకర కొంత చక్రాలుగా తరిగి కరకరలాడేలా వేయిస్తే అదీ చెల్లిపోయింది.

పై వారం బుట్టల పుస్తకం తెరిచాను. మాఉసీ మళ్ళీ ఫోన్ చేసి, ఆ నీళ్ళు కూడా కావాలని అడిగినట్టుంది. మావాడి చేతిరాతతో కొత్త పేజీలో రాసి ఉంది:

"కమలా పాణి గారు. కొత్త సభ్యురాలు. చిరునామా కనుక్కోవాలి."