సవరణ: ‘మౌస్’లో దర్యాప్తు కంటే కాల్పులే ఎక్కువ

నల్గొండ గేమింగ్ మిత్రుల కోసం మొన్న పెట్టిన పోస్టులో, ‘మౌస్: పీ.ఐ. ఫర్ హైర్’ను 1930ల వాతావరణంలో సాగే డిటెక్టివ్ గేమ్ అని పరిచయం చేశాను. అది చదివి చాలామంది ‘ఎల్.ఏ. నోయిర్’ అనే డిటెక్టివ్ గేమ్ లాంటిదే అనుకుంటున్నారు. గడియారం సెంటర్ దగ్గర ఒక తమ్ముడు “అన్నా, ఇందులో కూడా మొహం చూసి అబద్ధం పట్టుకోవచ్చా?” అని ఆశగా అడిగాడు. అందుకే ఈ వివరణ.

2011లో వచ్చిన ఎల్.ఏ. నోయిర్ కథ 1947 నాటి లాస్ ఏంజెలిస్‌లో జరుగుతుంది. నటుల ముఖాలను 32 కెమెరాలతో చిత్రీకరించారు. అనుమానితుడు చూపు తిప్పుకున్నా, పెదవి బిగించినా మనం కనిపెట్టాలి. విచారణే దాని ప్రాణం.

మౌస్ ప్రధానంగా ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ కాల్పులు జరిపే గేమ్. జాక్ పెప్పర్ అనే ఎలుక డిటెక్టివ్ ఆధారాలు వెతుకుతాడు, నిజమే, కానీ చేతిలో తుపాకీ ఉంటుంది. పోస్టులో ‘డిటెక్టివ్ కథతో నడిచే షూటర్’ అని మార్చాను.

నా ఆసక్తి మాత్రం తగ్గలేదు. పాతకాలపు కార్టూన్లలా చేతితో గీసిన ఆ నలుపు తెలుపు బొమ్మల్లో రబ్బరులా సాగే చేతులు చూస్తుంటే, ఎప్పుడెప్పుడు ఆడదామా అనిపిస్తోంది.