బీబీఏలో ఏముంటుందిలే అనే మేధావులకి

బీబీఏ, అదే బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ గురించిన ఒక పోస్టు కింద ఇప్పుడే ఒక కామెంట్ కనబడింది. "బీబీఏనా? అందులో చదవడానికి ఏముంటుంది, నాలుగు డెఫినిషన్లు, నలభై స్లైడ్లు." దాని కింద నవ్వుతున్న బొమ్మలు బోలెడు. ఆ బొమ్మలు పెట్టినవాళ్ళలో సగం మందిని డెబిట్ ఎటువైపు రాస్తారో అడగండి, దిక్కులు చూస్తారు.

సరే, డెఫినిషన్లే అనుకుందాం. ఒక చిన్న లెక్క చెయ్యండి. వస్తువు ధర 100. ఒక్కోదానికి వేరియబుల్ కాస్ట్, అంటే తయారుచేసిన కొద్దీ పెరిగే ఖర్చు, 60. నెలకి అద్దె, జీతాలు కలిపి ఫిక్స్‌డ్ కాస్ట్ 80,000. వందలోంచి అరవై పోతే మిగిలే 40 కాంట్రిబ్యూషన్. 80,000ని దాంతో భాగిస్తే 2,000. నెలకి రెండు వేల వస్తువులు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు, అదే బ్రేక్ ఈవెన్. ఇంతవరకూ అందరూ చేస్తారు. ఇప్పుడు ఒక మహానుభావుడు లేచి "పది శాతం డిస్కౌంట్ ఇద్దాం, అమ్మకాలు ఓ పది శాతం పెరిగితే సరిపోతుంది కదా" అంటాడు. సరిపోదు నాయనా! ధర 90కి దిగితే మిగిలేది 30. బ్రేక్ ఈవెన్ 2,667 దగ్గరికి ఎగబాకుతుంది. ధర తగ్గింది పది శాతమే, కాంట్రిబ్యూషన్ మాత్రం పాతిక శాతం ఎగిరిపోయింది. పాత లాభమే మళ్ళీ రావాలన్నా అమ్మకాలు మూడోవంతు పెరగాలి. డిస్కౌంట్ బోర్డు పెట్టేముందు ఈ ఒక్క భాగహారం చెయ్యని వ్యాపారాలు ఎన్ని మునిగాయో, ఆ నవ్వు బొమ్మలవాళ్ళే చెప్పాలి.

అకౌంట్స్ సంగతి ఇంకా ఘోరం. ట్రయల్ బ్యాలెన్స్, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ బ్యాలెన్సులు రాసి కూడే పట్టిక, రెండువైపులా కలవకపోతే ఏం చేస్తారు? తేడా ఎంతుంటే అంత తీసుకెళ్ళి, తప్పు దొరికేదాకా తాత్కాలికంగా దాచే సస్పెన్స్ అకౌంట్‌లో పడేసి, కింద రెండు గీతలు కొట్టి లేస్తారు. అసలు ఆ తేడా అంకెని ఒక్క నిమిషం చూడాలన్న బుద్ధి ఉండదు. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడుతోందా? అయితే అంకెలు తారుమారై ఉండొచ్చు. 5,400 రాయాల్సినచోట 4,500 పడితే తేడా 900. సరిసంఖ్య వచ్చిందా? అందులో సగం మొత్తం ఉన్న ఎంట్రీ కోసం వెతకండి, డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడి ఉండొచ్చు. అప్పటికీ దొరక్కపోతే ముందు రెండువైపులా కూడికలు మళ్ళీ చెయ్యండి, తర్వాత లెడ్జర్ (ఖాతాల పుస్తకం) నుంచి తెచ్చిన బ్యాలెన్సులు ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ వెళ్ళండి. ఇంత చేసినా దొరక్కపోతే అప్పుడు సస్పెన్స్ అకౌంట్. ముందే కాదు.

కలిసిందని చంకలు గుద్దుకునేవాళ్ళ సంగతి వేరే. కలిస్తే ఒప్పని ఎవరన్నారు? యంత్రం రిపేరుకి పెట్టిన ఖర్చుని మెషినరీ అకౌంట్‌లో డెబిట్ చేశారనుకోండి. ట్రయల్ బ్యాలెన్స్ దివ్యంగా కలుస్తుంది. లాభం మాత్రం అబద్ధం, ఎందుకంటే ఈ ఏడాది ఖర్చు ఆస్తిగా మారి బ్యాలెన్స్ షీట్‌లో కూర్చుంది. పైగా దానిమీద ఏటా తరుగుదల కూడా లెక్కకడతారు. ఎంట్రీ మొత్తమే రాయడం మర్చిపోయినా ట్రయల్ బ్యాలెన్స్ కిమ్మనదు. అది కూడికల్ని కాపలా కాస్తుందంతే, బుర్రని కాదు.

ఫైనాన్స్‌కి వస్తే ఒళ్ళు మండే విషయం ఒకటుంది. ఈరోజు లక్ష పెడితే, మూడేళ్ళు ఏడాది చివర 40,000 చొప్పున వస్తుంది. మొత్తం లక్షా ఇరవై వేలు. "ఇరవై వేలు లాభం, ఓకే చేసెయ్యండి!" ఆగండి. పది శాతం డిస్కౌంట్ రేటుతో, అంటే రేపటి డబ్బుని ఈరోజు విలువకి తగ్గించే రేటుతో, ఆ మూడు నలభై వేలనీ ఈరోజు విలువకి తెస్తే 99,474. పెట్టింది లక్ష. అంటే ఎన్‌పీవీ, వచ్చే డబ్బు ఈరోజు విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది, మైనస్ 526. ప్రాజెక్టు వద్దు. తేడా స్వల్పమే, కానీ ఇరవై వేలు లాభమన్నవాడు ఎక్కడున్నాడో చూడండి.

దీన్నే ఎక్సెల్‌లో చెయ్యమంటే ఇంకో తమాషా. ఎన్‌పీవీ ఫంక్షన్ లోపల ఇచ్చిన మొదటి అంకెని ఏడాది చివర వచ్చిన డబ్బుగా చూస్తుంది, ఈరోజుదిగా కాదు. అందుకని ఈరోజు పెట్టే లక్షని మైనస్ గుర్తుతో ఫంక్షన్ బయట విడిగా కలపాలి. మన పిల్లలు దాన్ని కూడా బ్రాకెట్లోకి తోసేస్తారు. అప్పుడు మైనస్ 526 కాస్తా మైనస్ 478 అవుతుంది. గుర్తు మారదు కాబట్టి ఎవరూ పట్టుకోరు. రిపోర్టులో అలాగే పోతుంది, మార్కులూ వచ్చేస్తాయి. మార్కులు వచ్చాయంటే దిద్దినవాళ్ళు కూడా చూడలేదనే కదా?

వాళ్ళెందుకు చూస్తారు, వాళ్ళకి పిరమిడ్ కావాలి. మనిషి అవసరాల్ని మెట్లుగా చెప్పిన మనస్తత్వవేత్త మాస్లో పేరుమీద చెలామణి అయ్యే పిరమిడ్. ప్రతి హెచ్‌ఆర్ స్లైడులో రంగురంగుల త్రికోణం, అయిదు అంతస్తులు. మాస్లో 1943లో రాసిన వ్యాసంలో ఆ త్రికోణమే లేదండీ. తర్వాతివాళ్ళు గీశారు. కింది అవసరం నూటికి నూరుపాళ్ళు తీరాకే పై మెట్టు అని కూడా ఆయన అనలేదు. ఈ ముక్క జవాబు పత్రంలో రాస్తే మార్కులు పోతాయి, త్రికోణం గీస్తే వస్తాయి. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసే స్వాట్ పట్టికలదీ ఇదే తంతు. "అవకాశాలు" గడిలో "ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టొచ్చు" అని రాస్తారు. అది నువ్వు చెయ్యబోయే పని, అవకాశం కాదు. బయట ఏం మారిందో అది అవకాశం. కొనేవాళ్ళు ఆన్‌లైన్‌కి మళ్ళుతున్నారు అని రాయి, అప్పుడు ఒప్పుకుంటాం.

సరే, ఎక్కడికో వెళ్ళిపోయాను. అసలు కడుపుమంట ప్రాజెక్టు రిపోర్టులమీద. బీబీఏకి స్లైడ్ల డిగ్రీ అని పేరు తెచ్చిపెట్టింది ఇవే, ఆ కామెంట్ పెట్టినవాడు బహుశా ఇలాంటిదే ఒకటి చూసి ఉంటాడు. "వినియోగదారుల సంతృప్తిపై అధ్యయనం." ఎప్పుడూ ఇదే టైటిల్. గూగుల్ ఫామ్ ఒకటి తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. నింపేది అదే క్లాసువాళ్ళు, అందరిదీ అదే వయసు. రిపోర్టులో మాత్రం "ర్యాండమ్ శాంప్లింగ్ పద్ధతి" అని, అంటే లాటరీ తీసినట్టు ఎంచుకున్నామని, బోల్డులో రాస్తారు. దొరికినవాళ్ళని అడిగితే అది కన్వీనియన్స్ శాంప్లింగ్ బాబూ, ఉన్నమాట రాస్తే కొంపలేం మునగవు. ఇక ప్రశ్నలు: "ధర, నాణ్యత మీకు సంతృప్తిగా ఉన్నాయా?" నాణ్యత బాగుండి ధర మండిపోతుంటే ఏం టిక్కు పెట్టాలి? రెండు ప్రశ్నల్ని ఒకదాంట్లో కుక్కితే ఆ జవాబుకి అర్థమే ఉండదు. ముందు పదిమందికిచ్చి పరీక్షించి ఉంటే ఒక్క పూటలో బయటపడేది. ఆపైన కై-స్క్వేర్, రెండు విషయాలకి సంబంధం ఉందా అని చూసే పరీక్ష. పట్టికలో సగం గడుల్లో ఎక్స్‌పెక్టెడ్ విలువ (సంబంధమే లేకపోతే ఆ గడిలో ఉండాల్సిన సంఖ్య) 5 కంటే తక్కువ, అంత తక్కువుంటే ఆ పరీక్షని నమ్మలేం, అయినా పీ-విలువ (సంబంధం లేకున్నా కేవలం యాదృచ్ఛికంగా కనీసం ఇంత తేడా వచ్చే సంభావ్యత) చూసి "గణనీయమైన సంబంధం కలదు" అని తీర్పు. గడులు కలపాలనిగానీ, శాంపిల్ పెంచాలనిగానీ ఎవరికీ తట్టదు.

ఎవరికి తడుతుంది, ఆ ఛాప్టర్ చేసింది ఒక్కరేగా! అయిదుగురి గ్రూపులో ఒకరు డేటా తెచ్చి, శుభ్రం చేసి, పట్టికలు కట్టి, రాత్రంతా కూర్చుని రిపోర్టు రాస్తారు. ఒకరు టైటిల్ పేజీ. ఒకరు "థాంక్యూ" స్లైడు. మిగతా ఇద్దరి పేర్లు మాత్రం కవరుమీద స్పెల్లింగ్ తప్పు లేకుండా ఉండాలి, లేకపోతే వాళ్ళకి కోపం. మార్కులు అయిదుగురికీ సమానం. దీనికి "టీమ్‌వర్క్ నేర్పిస్తున్నాం" అని పేరు. అవును, నేర్పిస్తున్నారు, ఎవరికి ఏది నేర్పిస్తున్నారో కూడా కనబడుతూనే ఉంది.

దీన్ని ఆపడం పెద్ద కష్టమేం కాదు. వైవాలో ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి, వాళ్ళ రిపోర్టులోదే ఒక పట్టిక ముందు పెట్టాలి. మూడు వరుసలు, నాలుగు నిలువు గడులు. "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 6 ఎలా వచ్చింది?" వరుసల్లో ఒకటి, నిలువు గడుల్లో ఒకటి తగ్గించి, రెండుని మూడుతో గుణిస్తే వచ్చింది అని చెప్పడానికి పది సెకన్లు చాలు. చెప్పలేనివాడికి ఆ ఛాప్టర్ మార్కులు కొయ్యండి. కొయ్యరు. అయిదుగుర్నీ వరసగా నిలబెట్టి "మీ ప్రాజెక్టు గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అంటారు, థాంక్యూ స్లైడువాడు గొంతు సవరించుకుని మొదలుపెడతాడు.