ఆ అమ్మాయిని అడగనివ్వండి

ఇక్కడ కెనడాలో మన తెలుగువాళ్ల ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక పిల్లల చదువుల గురించి ముచ్చట పెట్టారు కదా. వేదిక మీద నలుగురు సాఫ్ట్‌వేరు వారు, ఇద్దరు డాక్టర్లు, చివర భూగర్భశాస్త్రం చదివిన నేను. పదకొండో తరగతి అమ్మాయి ఒకరు లేచి, "భూగర్భశాస్త్రం చదివితే ఏం పని చేస్తారు అంకుల్?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు తండ్రిగారు మైకు అందుకుని, "రాళ్లూ చెత్తా మనకెందుకమ్మా, కంప్యూటర్ గురించి అడుగు" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది.

మాది నాపరాళ్ల ఊరు బేతంచెర్ల. మా బండల మీదే సీమలో ఎన్నో ఇళ్లు నిలిచాయి. పాలిషు పట్టగా వచ్చిన బురద ఎండి, గాలికి లేచి, అమ్మ ఆరేసిన చీరల మీద తెల్లగా పేరుకునేది. నునుపైన బండ ఊరు దాటిపోయేది, పగిలిన ముక్కలు మాత్రం ఊరి చుట్టూ గుట్టలుగా మిగిలేవి. ఆ గుట్టలను అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు, నాన్నతో సహా.

ఇక్కడికి వచ్చాక చాలాకాలం రాగి నిక్షేపాలు వెతికాను. 2014 ఆగస్టు 4న మన బ్రిటిష్ కొలంబియాలోనే మౌంట్ పాలీ రాగి గనిలో, వ్యర్థాలను నిల్వ చేసే కట్ట తెగింది. సుమారు 2.5 కోట్ల ఘనపు మీటర్ల నీరు, బురద క్వెనెల్ సరస్సు వైపు దూసుకుపోయాయి. కట్ట పునాది కింద, హిమనదాల కాలపు సరస్సులో పేరుకున్న బలహీనమైన బంకమన్ను పొరను ముందే సరిగా అంచనా వేయలేదని విచారణలో తేలింది. ఆ విచారణ నివేదిక చదివాకే రాగి వెతకడం మాని, వ్యర్థాల కట్టల కింది నేలను పరీక్షించే పనికి మారాను. ఇప్పుడు బోరులోంచి తీసిన మన్నును జంతికల పిండిలా అరచేతిలో పాముతాను. 3 మిల్లీమీటర్ల సన్నని తాడుగా సాగి విరిగేటప్పుడు దానిలో ఎంత తేమ ఉందన్నది ఆ మన్ను గుణాన్ని చెబుతుంది. నగర చెత్త దిబ్బ అడుగున పరిచే బంకమన్నుకూ ఇదే పరీక్ష. అది సరిగా లేకపోతే చెత్త ఊట భూగర్భ జలంలోకి దిగుతుంది.

తండ్రిగారి భయం నాకు తెలుసు. లోహాల ధర పడితే ఉద్యోగాలు పోతాయి. నేనూ ఆరు నెలలు ఖాళీగా ఉన్నాను, నెలల తరబడి గుడారాల్లో గడిపాను. అయినా బిడ్డ అంత ఇష్టంగా అడిగిన ప్రశ్నను మధ్యలో తుంచకండి.

అయ్యా, ఈ వేసవిలో ఒక్కరోజు అమ్మాయిని తీసుకుని మీరూ నాతో రండి. ఆ మన్ను మీ చేతిలోనూ పెడతాను.