డేట్ చూసేది పూజకేనా?

మన ఇళ్లలో ఆడవాళ్ల డేట్ అందరికీ తెలిసిన రహస్యం. వరలక్ష్మీ వ్రతం రెండో శుక్రవారమా మూడో శుక్రవారమా, తిరుపతి టికెట్లు ఏ వారానికి తీయాలి, గృహప్రవేశం ముహూర్తం కోడలికి కుదురుతుందా లేదా, అన్నీ దాన్ని చూసుకునే. కుదరకపోతే జరిపే మాత్రలు ఎలాగూ ఉన్నాయి. ఇక్కడ అమెరికాలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నందుకు శ్రావణ మాసం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, అమ్మ వచ్చినప్పుడు తెచ్చిన స్ట్రిప్ ఒకటి ఉంది. ఎప్పటినుంచి వేసుకోవాలి?" అడగడంలో మొహమాటమేమీ ఉండదు.

అలాంటి అమ్మాయే ఇంకో రోజు ఫోన్ చేస్తుంది. "వారం రోజులుగా ఊరికే దడగా ఉంటోందక్కా. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. బాబు స్కూల్ బస్సెక్కితే చాలు, గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి." డేట్ ఎప్పుడమ్మా అని అడుగుతాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం అన్నట్టు అవతల కాసేపు మాట ఉండదు.

సంబంధం ఉందో లేదో ఆ ఒక్క ప్రశ్నతో తేలదు. కానీ అడగకుండా అసలే తేలదు. ముహూర్తం కోసం హార్మోన్లను అటూఇటూ జరపడానికి సందేహించని మనం, అవే హార్మోన్లు మనసు మీద ఏం చేస్తాయో మాట్లాడమంటే ఎందుకింత సిగ్గుపడతామో నాకు అర్థం కాదు. ఈ వ్యాసం అందుకే.

ముందు ఒంట్లో జరిగేది చూద్దాం. రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. అక్కడినుంచి అండం విడుదలయ్యే దాకా, అంటే సుమారు రెండు వారాలు, ఈస్ట్రోజెన్ పెరుగుతూ పోతుంది. చాలామందికి ఒంట్లో ఓపిక, మనసులో తేలిక ఉండే రోజులివి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అందుకుంటుంది. గర్భం నిలవకపోతే చివరి కొద్ది రోజుల్లో రెండూ ఒక్కసారిగా పడిపోతాయి, మళ్లీ ఒకటో రోజు వస్తుంది. ఇంతవరకు స్కూల్ పుస్తకంలోనే ఉంది.

పుస్తకంలో లేనిది అల్లోప్రెగ్ననోలోన్. పేరు చూసి భయపడకండి. ప్రొజెస్టెరాన్ విరిగినప్పుడు శరీరంలోనే తయారయ్యే పదార్థం ఇది. మెదడులో ఆందోళనకు బ్రేకు వేసే గాబా అనే వ్యవస్థ ఉంది. నిద్రమాత్రల్లో, టెన్షన్ మాత్రల్లో చాలా రకాలు పనిచేసేది ఆ వ్యవస్థ మీదే. మందు కొట్టిన మనిషి కాసేపు నిశ్చింతగా కనిపించేదీ దాని చలవే. అల్లోప్రెగ్ననోలోన్ కూడా అక్కడే పనిచేస్తుంది, మామూలుగా శాంతపరుస్తుంది. దీన్నే మందుగా తయారుచేసి ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌కి సెలైన్‌లా ఎక్కించడానికి 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే కొంతమంది మెదడు దీని హెచ్చుతగ్గులకు తిరగబడుతుంది. శాంతించాల్సింది పోయి దడ, చిరాకు, ఏడుపు, ఏదో జరగబోతోందన్న భయం. బ్రేకు నొక్కితే బండి ముందుకు ఉరికినట్టు.

"అయితే హార్మోన్ ఎక్కువైందన్నమాట" అంటారు. 1931లో ఈ బాధను వైద్య పత్రికలో వర్ణించిన న్యూయార్క్ డాక్టర్ రాబర్ట్ ఫ్రాంక్ కూడా అలాగే అనుకున్నారు. అది కాదని గట్టిగా తేలింది 1998లో. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం ఒక ప్రయోగం చేసింది. నెలసరికి ముందు తీవ్రంగా బాధపడే స్త్రీలకు మందుతో అండాశయాల పనిని కొన్నాళ్లు ఆపేశారు. చాలామందికి బాధ తగ్గింది. అలా తగ్గినవాళ్లకు ఈస్ట్రోజెన్‌నో ప్రొజెస్టెరాన్‌నో తిరిగి ఇచ్చి చూశారు. ఏది ఇస్తున్నారో వాళ్లకు చెప్పలేదు. బాధ మళ్లీ వచ్చింది. ఎప్పుడూ ఆ బాధ లేని స్త్రీలకు కూడా అంతా ఇలాగే చేశారు, వాళ్లకు ఏమీ కాలేదు. అదే హార్మోన్, అదే మోతాదు. తేడా అందుకునే మెదడులో ఉంది. 2017లో ష్మిట్ బృందమే ఇంకో మెట్టు ఎక్కింది. హార్మోన్ తిరిగి మొదలుపెట్టిన మొదటి నెల బాధ వచ్చింది. అదే స్థాయిని మార్చకుండా కొనసాగిస్తే తర్వాతి నెలల్లో రాలేదు. అంటే కుదిపేది మార్పే.

ఇది మన ఇళ్లకు ఎందుకు ముఖ్యమంటే, హార్మోన్ టెస్ట్ చేయిస్తే ఈ బాధ కనిపించదు. రిపోర్ట్ నార్మల్ వస్తుంది, రావాలి కూడా. ఆ కాగితం చేతికి రాగానే ఇంట్లో తీర్పు వెలువడుతుంది: "అన్నీ నార్మలే, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు." ఇండియా నుంచి వీడియో కాల్‌లో అమ్మ అందుకుంటుంది: "మా కాలంలో ఇవన్నీ ఎక్కడివే? పనిలో పడితే అదే పోతుంది." వాళ్ల కాలంలోనూ ఉండేవి. ఆ మూడు రోజులు పక్కన కూర్చునే ఇళ్లలో కూడా, అంతకు ముందు వారం వంటింట్లో గిన్నెలు ఎందుకు చప్పుడు చేసేవో ఎవరూ అడగలేదు, అంతే.

నెలసరికి ముందు రోజుల్లో ఇంత తీవ్రంగా వచ్చే బాధకు వైద్యంలో పేరుంది, పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్). అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల పుస్తకంలో దీన్ని పూర్తి స్థాయి రుగ్మతగా చేర్చింది. నెలసరి వచ్చే స్త్రీలలో 1.8 నుంచి 5.8 శాతం మందికి ఉంటుందని అందులోనే ఉంది. వందమంది ఆడవాళ్లు వచ్చిన మన ఉగాది వేడుకలో ఇద్దరు ముగ్గురైనా ఉంటారనుకోండి. మరికొందరిది ఇంకో రకం: ఆందోళన ముందునుంచే ఉంటుంది, నెల మొత్తం ఉంటుంది, చివరి వారంలో రెట్టింపవుతుంది. మన వాళ్లలో, ముఖ్యంగా హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాకు తోడుగా, వచ్చిన అమ్మాయిల్లో, నేను ఎక్కువగా వినేది ఈ రెండో రకమే. వర్క్ పర్మిట్ రెన్యువల్ ఇంకా రాలేదు, గ్రీన్ కార్డు లైను కదలదు, చేసిన ఉద్యోగం పోయింది, ఊళ్లో నాన్నకు ఒంట్లో బాగాలేదు. ఇవి ప్రొజెస్టెరాన్ కల్పించిన భయాలు కావు. నెలసరి వచ్చినంత మాత్రాన ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి కవరు రాదు. కానీ ఇరవై రోజులు ఎలాగో మోసుకుంటూ వచ్చిన బరువు ఇరవై రెండో రోజున మోయలేనిదవుతుంది.

మగవాళ్లకు ఒక మాట. ఇదంతా చదివి, భార్య కస్సుమన్న ప్రతిసారీ "డేట్ దగ్గరపడిందా ఏంటి?" అనడానికి వాడుకోకండి. చాలామంది స్త్రీలకు ఈ మార్పులు రోజువారీ జీవితాన్ని ఆపేంతగా ఉండవు. సింకులో గిన్నెలు అలాగే ఉంటే కోపం రావడానికి హార్మోన్ అక్కర్లేదు. ఇంకో సంగతి: "నాకు నెలసరి ముందే ఇలా అవుతుంది" అని నమ్మకంగా చెప్పే స్త్రీలతో ఏ రోజుకారోజు రాయిస్తే, వాళ్లలో చాలామందికి ఆ వరస కనిపించలేదని పరిశోధనల్లో తేలింది. జ్ఞాపకం మీద ఆధారపడితే రెండు వైపులా పొరపాటే. ఉన్నది లేదంటాం, లేనిది ఉందంటాం.

అందుకే రాయాలి. డీఎస్ఎం-5 కూడా అదే అంటుంది: కనీసం రెండు నెలలు, ప్రతిరోజూ, ఏ రోజుది ఆ రోజే. వెనకటికి వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండర్‌లో పాలు రాని రోజు, గ్యాస్ బండ మార్చిన రోజు, మూలన ఎవరికీ అర్థం కాకుండా ఒక చిన్న చుక్క ఉండేవి. ఆ చుక్క పక్కన ఇంకో నాలుగు అంకెలు వేయమంటున్నాను. దడ, చిరాకు, దిగులు, నిద్ర. ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు. అసలు లేకపోతే ఒకటి, భరించలేకపోతే ఆరు. పడుకునే ముందు ఒక్క నిమిషం. ఆ రోజు ఆఫీసు మానేశారా, పిల్లల మీద అరిచారా, ఎవరి ఫోనూ ఎత్తలేదా, అది కూడా ఒక ముక్క. ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి కానీ, ఇలాంటి వివరాలు ఎవరి సర్వర్‌లోకి పోతాయో అన్న అనుమానంతో నేను కాగితమే మంచిదంటాను.

రెండు నెలల తర్వాత ఆ కాగితం చూస్తే కథ తెలిసిపోతుంది. అంకెలు నెలసరికి ముందు వారం ఎక్కి, వచ్చిన కొద్ది రోజుల్లో దిగి, ఆ తర్వాతి వారం ఒకట్లు రెండ్ల దగ్గర నిలబడితే అది హార్మోన్ల వరస. ఆ తర్వాతి వారం కూడా నాలుగులు అయిదులే ఉంటే వేరే చోట వెతకాలి. ముందు థైరాయిడ్, ఆ తర్వాత రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగానే. విమానం ఎక్కినంత మాత్రాన ఐరన్ పెరగదు. రక్తం తక్కువైతే మెట్లెక్కినా గుండె దడదడలాడుతుంది, దాన్ని మనం టెన్షన్ అనుకుంటాం. నలభై దాటినవాళ్లకు ఇంకో చిక్కు: నెలసరి ఆగిపోవడానికి ముందు కొన్నేళ్లు హార్మోన్లు ఒక పద్ధతి లేకుండా ఎగిరిపడతాయి, అప్పుడు డేట్ లెక్కే తప్పుతుంది. అయినా రాయడం మేలే.

ఇక్కడ డాక్టర్ దగ్గర మనకు దొరికేది పావుగంట. అందులో సగం "ఎలా చెప్పాలో తెలియట్లేదు" అనడానికే సరిపోతుంది. కాగితం తీసి బల్ల మీద పెడితే ఇంగ్లీషు కూడా పెద్దగా అక్కర్లేదు.

మందులు ఉన్నాయి. డిప్రెషన్‌కి వాడే ఫ్లూయాక్సెటిన్‌కి పీఎండీడీ కోసం ఎఫ్‌డీఏ 2000లోనే అనుమతి ఇచ్చింది. డిప్రెషన్‌కి ఈ జాతి మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది, ఇక్కడ మాత్రం కొద్ది రోజుల్లోనే గుణం కనిపిస్తుంది. కొందరికి నెలలో చివరి రెండు వారాలు వేసుకుంటే చాలంటారు. "అలవాటైపోతుందేమో" అని భయపడేవాళ్లు డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. గర్భనిరోధక మాత్రల్లో డ్రోస్పిరెనోన్ ఉన్న ఒక రకానికి 2006లో అనుమతి వచ్చింది. నెలసరి ముందు వచ్చే లక్షణాలకు కాల్షియం కూడా కొంత పనిచేస్తుందని 1998లోనే ఒక పెద్ద ట్రయల్ చూపించింది. చచ్చిపోవాలనిపించే ఆలోచన వస్తే మాత్రం అది నెలలో ఎన్నో రోజు అని చూడకండి. ఈ దేశంలో ఆత్మహత్య ఆలోచనలకు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, ఆ రాత్రే.

ఆ జరిపే మాత్రల సంగతి మధ్యలో వదిలేశాను. ఇండియా నుంచి వచ్చే ఆ స్ట్రిప్‌లో సాధారణంగా ఉండేది నోరెథిస్టెరాన్. అది ప్రొజెస్టెరాన్‌ని పోలిన హార్మోనే, మనసు మీద ప్రభావం ఉండొచ్చని దాని పత్రంలోనే రాసి ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అందుకే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. పూజ కోసం వేసుకుని, మర్నాడే హైదరాబాద్ విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. అమ్మ తెచ్చిందంటే ప్రిస్క్రిప్షన్ ఉన్నట్టు కాదు.

మన పిల్లలకు ఓణీల ఫంక్షన్లు చేస్తున్నాం. బాంక్వెట్ హాలు, డ్రోన్ కెమెరా, పల్లకీ, మూడు వందల మందికి భోజనాలు. నాకు అభ్యంతరం లేదు, పిలిస్తే వెళ్లి చీర పెట్టి, తిని వస్తాను. కానీ అంతమందిని పిలిచి చాటిన సంగతి గురించి ఆ అమ్మాయికి ఏం చెప్పాం? ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో, పూజ గదిలోకి ఎప్పుడు రాకూడదో. కొన్ని నెలల్లో కొన్ని రోజులు కారణం లేకుండా భయం వేయొచ్చని, వేస్తే అమ్మకు చెప్పాలని ఎవరూ చెప్పరు. మొదటి ఒకటి రెండేళ్లు డేట్లు ఎలాగూ తిన్నగా ఉండవు కాబట్టి ఆ వయసులో తొందరపడి పేర్లు పెట్టకూడదు. రాసుకోవడం మాత్రం అప్పుడే అలవాటు చేయొచ్చు.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఏటా హెల్త్ క్యాంప్ పెడుతున్నాం, బీపీ, షుగరు చూస్తున్నాం, యాభై దాటిన మగవాళ్లకు గుండె గురించి ఉపన్యాసం పెడుతున్నాం. ఈసారి ఇంకో బల్ల వేయండి. దాని మీద రోజూ ఆ నాలుగు అంకెలు వేసుకునే చార్టు తెలుగులో, పక్కన మాట్లాడటానికి ఒక మహిళా డాక్టరు. "ఫ్యామిలీలు వచ్చే చోట ఇదంతా బాగుంటుందా" అని ఎవరైనా అడిగితే, ఓణీల ఫంక్షన్‌కి వాళ్లు కూడా ఫ్యామిలీతోనే వచ్చారని గుర్తుచేయండి. చార్టు నేను తయారుచేసి పెట్టాను. ఒక్క కాగితానికి రెండు వైపులా ప్రింట్ చేస్తే రెండు నెలలకు సరిపోతుంది.